ఏడో కోర్ ఒరవడి

"తాడు నేనే కోసేనండి," అన్నాడు ఆ పూట వచ్చిన ఆరో పెద్దమనిషి.

హిమజ తెర మీద అదే గడిలో మళ్ళీ టిక్కు పెట్టింది. పొద్దున్నుంచి వచ్చిన ఐదుగురూ కోసిన తాడే అది. కిందటి వారం వచ్చినవాళ్ళందరూ కోసిందీ అదే. గొల్లరేవు దగ్గర, పడవల వంతెన మధ్యలో, ఇంతమంది మగాళ్ళు ఎవరికివాళ్ళు ఒంటరిగా కోసిన ఒకే ఒక్క తాడు. ఇన్నిసార్లు తెగిన తాడు చరిత్రలో ఇంకొకటి ఉండదని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది.

"ఎలా కోశారో చూపిస్తారా?"

"చూపించేదేవుందమ్మా. ఎడంచేత్తో ఇలా బిగబట్టి, కుడిచేత్తో..." పెద్దాయన కుడిచెయ్యి లోపలికి రెండుసార్లు లాగి, మూడోసారి విసురుగా పక్కకి విదిలించాడు. బల్ల మీదున్న టీ కప్పు ఎగిరి గోడకి తగిలింది. హిమజ తల కూడా తిప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే పింగాణీ కప్పులు మానేసి కాగితం కప్పులు తెప్పించింది.

"అప్పుడు ఏం కనబడిందండి?"

"జనం. నల్లలంక జనం, వంతెన అవతలి సగం మీద. ముందు ఒకావిడ, చంకలో ఇత్తడి బిందె. నాకేసే చూస్తాంది."

అద్దం అవతలి గదిలో డాక్టర్ గౌరీశ్వరి తల వంచుకుని రాసుకుంటోంది. ఈ కేంద్రానికి ఆవిడే పెద్ద. హిమజ చేరిన మూడో రోజు, క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ, ఆవిడ మామూలుగా చెప్పింది. "ఆ బిందె ఆవిడ మా అమ్మ. డేటాకి దీంతో సంబంధం లేదు. తర్వాత ఎవరో చెప్తే నీకు ఇబ్బందిగా ఉంటుందని ముందే చెప్తున్నా."

అప్పట్నుంచి నాలుగువందల చిల్లర మంది ముసలాళ్ళు ఆవిడ తల్లి ఆఖరి చూపుని ఆవిడకి వర్ణించి చెప్పారు. ఆవిడ ప్రతిసారీ శాంపిల్ నంబరు వేసుకుంది.

*

ఏడో కోర్ చరిత్ర రాసే పనీ, ఏడో కోర్ చేతులు బాగుచేసే పనీ ఆ కేంద్రంలో ఒకే గదిలో జరిగేవి. చరిత్ర మొదటి అధ్యాయం హిమజే రాసింది. అది ప్రభుత్వ పుస్తకంలా లేదని గౌరీశ్వరి రెండుసార్లు తిప్పి పంపింది.

ఆ అధ్యాయంలో ఉన్నది ఇదీ. మెట్టకీ డెల్టాకీ కాలవ లాకుల దగ్గర మొదలైన తగువు అంతర్యుద్ధం దాకా పోయింది. వంతెనలన్నీ మొదటి నెలలోనే కూలిపోయాయి. డెల్టా సైన్యం గోదారి దాటాలంటే పడవలు వరసగా కట్టి, పైన బల్లలు పరవాలి. పడవలు బోలెడున్నాయి. కట్టడం వచ్చినవాళ్ళు లేరు. ఆ పని కోసం లేవదీసిన ఏడో కోర్ అనే దళంలో చేరిన తొమ్మిది వేలమందిలో ఎక్కువమంది సెల్‌ఫోన్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళూ, డిగ్రీ తప్పినవాళ్ళూ. సగం మందికి ఈత కూడా రాదు.

వాళ్ళకి నేర్పే టైము లేదు. అందుకని నూకరాజు అనే ముసలి లాంచీ సరంగుని తీసుకొచ్చి, మణికట్లకి రెండు పట్టీలు, నుదుటికి ఒక పట్టీ కట్టి, రోజంతా ముళ్ళు వేయించారు. ఆయన చేతులు చేసిందీ, చేస్తుండగా కళ్ళు చూసిందీ పట్టీల్లోకి ఎక్కింది. అదే పట్టీలతో దాన్ని కుర్రాళ్ళలోకి దింపారు. పలక మీద పంతులు రాసిన అక్షరం మీద పిల్లలు దిద్దినట్టే కాబట్టి, కోర్‌లో దాన్ని ఒరవడి అనేవారు. వారం తిరిగేసరికి తొమ్మిది వేలమంది నూకరాజులు తయారయ్యారు.

సరంగు రెండో నెలలో జ్వరం వచ్చి పోయాడు. ఒరవడి మాత్రం ఆగలేదు. ప్రతి సాయంత్రం అందరూ వరసల్లో కూర్చుని పట్టీలు కట్టుకునేవారు. ఆ రోజు ఎవరి చేతులు ఏం నేర్చుకున్నాయో అదంతా పోగై, కలిసి, మళ్ళీ అందరిలోకీ దిగేది. దానికి దిద్దుడు అని పేరు. దిద్దుడికి ఒక్కటే కట్టుబాటు. ఆ రోజు పని చెడగొట్టినవాడు వరసలో కూర్చోకూడదు. వాడి తప్పు అందరికీ అంటుకుంటుంది. వాడు ఆ పూటకి వంటవాళ్ళ దగ్గరికెళ్ళి ఉల్లిపాయలు తరగాలి.

యుద్ధం ఒప్పందంతో ముగిసింది. పట్టీలు నిషేధించారు. నేర్చుకున్న చేతులు మాత్రం ఇళ్ళకి వచ్చేశాయి. రెండు జిల్లాల్లో టెంట్ హౌస్ వ్యాపారమంతా ఏడో కోర్ వాళ్ళదే. ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పార్టీ మీటింగుకెళ్ళినా శామియానా గుంజకి అదే ముడి.

ముడితో పాటు గొల్లరేవు కూడా వచ్చింది. డెల్టా సైన్యం వెనక్కి తగ్గుతున్న రోజు, నల్లలంక ఊరు ఊరంతా వంతెన మీద ఉండగా ఎవడో మధ్య తాడు కోశాడు. అవతలి సగం జనంతో సహా గోదాట్లో కొట్టుకుపోయింది. మర్నాటి దిద్దుడులో ఆ కోత అందరికీ దిగిపోయింది. యంత్రంలో లోపం అని సైన్యం రాసుకుంది. ఆ చెయ్యి ఇప్పటికీ ఆడుతుంది. అన్నం కలుపుతుండగా, గడ్డం గీసుకుంటుండగా, చెప్పాపెట్టకుండా రెండుసార్లు లాగి మూడోసారి విసురుతుంది. ఇంట్లోవాళ్ళు ఆ చేతికి వేడి గిన్నె ఇవ్వరు, పసిపిల్లల్ని అసలే ఇవ్వరు.

దాన్ని చెరపొచ్చు. చెరిపే పద్ధతి కనిపెట్టి గౌరీశ్వరి పదేళ్ళయింది. కాకపోతే అసలు గీత ఎవరిదో తెలియాలి. ఎవరు దిద్దినా తమ సొంత చేతి అలవాట్ల మీదే దిద్దారు కదా. పోల్చుకోడానికి అసలు గీత లేకుండా నకలు చెరిపితే, దాని కిందున్న మనిషి సొంత చేయి కూడా పోతుంది.

తాడు ఎవరు కోశారో తెలిస్తే, కేంద్రంలో పేరు రాయించుకున్న నాలుగువందల మంది చేతులు బాగవుతాయి. తెలియకపోతే కావు. చరిత్రలో ఎనిమిదో అధ్యాయం కూడా అక్కడే ఆగిపోయి ఉంది.

*

దారి దొరికింది కూడా ఒక బగ్ వల్లే. పట్టీల పాత బొమ్మలు తిరగేస్తుంటే హిమజకి ఒక సంగతి తట్టింది. పట్టీలు మణికట్లకీ నుదుటికీ తప్ప ఇంకెక్కడా లేవు. ఒరవడిలో చేతులున్నాయి, కళ్ళున్నాయి. కాళ్ళు లేవు. కాళ్ళ సంగతి నిజంగా కోసినవాడికే గుర్తుండాలి.

మర్నాటి నుంచి అందరినీ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. "కోస్తున్నప్పుడు మీ కాళ్ళ కింద ఏముందండి?"

పెద్దమనుషులు ఠక్కున ఆగిపోయేవారు. అప్పటిదాకా కళ్ళకి కట్టినట్టు చెప్పినవాళ్ళు కిందకి వంగి తమ కాళ్ళకేసి చూసుకునేవారు. "ఏవుంటాదమ్మా... తెల్దు," అనేవారు కాస్త కంగారుగా. నలభయ్యేళ్ళుగా తాము గాల్లో నిలబడి తాడు కోస్తున్నామని వాళ్ళకి అప్పుడే తెలిసేది.

గురువారం బులివెంకన్న వచ్చాడు. హిమజ తండ్రి తాతారావుకి కోర్‌లో ఉన్నప్పట్నుంచీ స్నేహితుడు, ఇప్పుడు టెంట్ హౌస్‌లో భాగస్వామి. హిమజకి సైకిల్ నేర్పింది ఆయనే.

"కుర్చీ బాగా మెత్తగుందే అమ్మాయ్. మా పెళ్ళి కుర్చీలకన్నా బావుంది. ఎక్కడ కొన్నారు?"

"బాబాయ్, కెమెరా తిరుగుతోంది."

"తిరగనీ. దానికీ నచ్చుతాది."

తాడు కోత దాకా నవ్వుతూనే చెప్పాడు. హిమజ కాళ్ళ సంగతి అడిగింది. బులివెంకన్న కళ్ళు మూసుకున్నాడు.

"కాళ్ళా... ఎడంకాలు మీద ఎవడో నిలబడ్డాడమ్మా. బూటు మీద ఎక్కేసేడు ఎదవ, పట్టుకోసం. నొప్పెడతాంది. నేను ఆడి నడుం పట్టుకున్నాను, పడిపోకుండా..."

"పట్టుకున్నారా? మీ రెండు చేతులూ తాడు మీద ఉన్నాయి కదా?"

ఆయన కళ్ళు తెరిచాడు. ఇంతసేపూ ఉన్న నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఇది అందర్నీ అడుగుతావా?"

"అందర్నీ."

"మీ నాన్ననీ?"

"నాన్న వచ్చే శుక్రవారం. ఏం?"

బులివెంకన్న లేచి, కుర్చీ మెత్తని అలవాటుగా దులిపి సర్దాడు. "మీ నాన్నని అడక్కమ్మా," అని వెళ్ళిపోయాడు.

హిమజ రికార్డింగ్ ఆపలేదు. ఖాళీ కుర్చీ కాసేపు అలా రికార్డవుతూనే ఉంది. ఆమెకి ఇంట్లో తండ్రి ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది. అందరికీ ఉన్నదే నాకూ ఉందే తల్లీ, అనేవాడు. అబద్ధం కాదు. అందరికీ ఉన్న మాట నిజమే.

సోమవారం నుంచి డేటా పాడైపోయింది. మొదట వచ్చినాయన, ఆమె ప్రశ్న పూర్తి చెయ్యకముందే, "బురదండి. ఎడంకాలికి చెప్పు లేదండి," అన్నాడు. రెండో ఆయనా బురదే అన్నాడు, ఎడంకాలి చెప్పే పోయిందన్నాడు. మూడో ఆయన కుడికాలు అని నాలిక్కరుచుకుని ఎడం అని దిద్దుకున్నాడు. బుధవారానికి గొల్లరేవు బురదలో ఒంటి చెప్పుతో నిలబడ్డవాళ్ళ సంఖ్య అరవై దాటింది.

"వీళ్ళు కూడబలుక్కున్నారు," అంది గౌరీశ్వరి.

"అవునండి."

"గురువారం ఏదో జరిగింది. ఆ రోజు రికార్డింగులు నేనింకా చూడలేదు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చూడాలా?"

హిమజ తెర మీద గురువారం ఫోల్డరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఆవిడ రెండోసారి అడగలేదు.

"శుక్రవారం దాకా ఆగుతాను," అంది. "ఆ తర్వాత ఈ శాంపిల్ పనికిరాదని రాసేసి ఫైలు మూసేస్తాను. చేతులు అలాగే ఉంటాయి. ఇంతకాలం ఉన్నాయిగా."

*

ఆ సాయంత్రం హిమజ టెంట్ హౌస్‌కి వెళ్ళేసరికి తాతారావు ఒక్కడే ఉన్నాడు. ఏదో ఓణీల ఫంక్షన్ నుంచి వచ్చిన తాళ్ళ గుట్ట ముందేసుకుని, చిక్కులు విప్పుతున్నాడు.

"వెంకన్న బాబాయ్ ఏడి?"

"వాళ్ళమ్మాయి పిల్లని తీసుకొచ్చింది. చూడ్డానికెళ్ళేడు. చూడ్డానికే. ఎత్తుకోడు కదా. మూరెడు దూరంలో కూర్చుని చప్పట్లు కొడతాడు." తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. "ఏమ్మా, ఆ చెరపడం ఎంతసేపు పడుతుంది, ఒక్కో మనిషికి?"

"ఒక పూట."

"నొప్పా?"

"కాదు."

"ముళ్ళు వెయ్యడం మర్చిపోతారా? వీళ్ళందరి బతుకూ దాని మీదేగా."

"ముళ్ళు సరంగువి. అవి ఉంటాయి. ఆ కోత ఒక్కటే పోతుంది. జరిగిందని తెలుస్తూనే ఉంటుంది, కాకపోతే పేపర్లో చదివినట్టు తెలుస్తుంది. వాళ్ళ చేతికి ఏమీ అనిపించదు."

తాతారావు గుట్టలోంచి ఇంకో తాడు ముందుకి లాక్కున్నాడు. హిమజ ఒక తాడు కొస అందుకుంది. ఆమెకి ముళ్ళు రావు. కోర్ వాళ్ళ పిల్లలెవరికీ రావు. నేర్చుకోకుండా వచ్చిన పనిని ఎలా నేర్పాలో వాళ్ళ నాన్నలకి తెలియదు.

"నాన్నా, నువ్వు శుక్రవారం రాకపోయినా ఫర్వాలేదు. జ్వరమని రాస్తాను."

"వెంకన్న నోరు జారేడన్నమాట."

"ఆయన కాలు జారింది."

తాతారావు చిన్నగా నవ్వాడు. "లోపం కాదమ్మా అది. యంత్రంలో లోపమని రాసేరు కదా సైన్యం వాళ్ళు. ఆ మర్నాడు నేను ఉల్లిపాయల దగ్గర కూర్చున్నాను. కత్తి ఇస్తే పట్టుకోలేకపోయాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. వెంకన్నా, ఇంకో పదిమందీ వచ్చి లేవదీసేరు. లేరా, వరసలోకి రారా అని. నేను చెడగొట్టినోడిని, కూర్చోకూడదు అన్నాను. వెంకన్న ఏవన్నాడో తెలుసా? తొమ్మిది వేలమందికి పంచితే తలా చిటికెడు వస్తాది, రారా ఎదవా, అన్నాడు."

"చిటికెడు రాలేదు కదా."

"రాలేదు. అందరికీ మొత్తం వచ్చేసింది. నాది తగ్గలేదు, వాళ్ళది పెరిగింది. ఆ లెక్క అప్పుడెవరికీ తెలీదు. అయినా ఒక్కడు కూడా నన్ను ఒక మాటనలేదమ్మా. ఎందుకు కోసేవురా అని అడగలేదు. అడగాల్సిన పన్లేదు. వాళ్ళ చేతికీ తెలుసుగా, ఎందుక్కోసిందో." ఇంకో చిక్కు తీసుకుని, దాని మొదలు ఎక్కడుందా అని వెతికాడు. "శుక్రవారం ఎన్నింటికి?"

"పదకొండు," అంది హిమజ.

*

శుక్రవారం ప్రశ్నలు గౌరీశ్వరి అడిగింది. హిమజ అద్దం అవతలి గదిలో కూర్చుంది. నియమం ప్రకారం ఆ గదిలో కూడా ఉండకూడదు. నియమం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

తాతారావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. టీ వద్దన్నాడు.

"మీ కాళ్ళ కింద ఏముందండి?"

"బురద కాదండి. మావాళ్ళకి బురదని నేనే చెప్పేను. నన్ను దాచాలని వాళ్ళు ఏం చెప్పాలిరా అనడిగితే నోటికొచ్చింది చెప్పేను. వాళ్ళందరిదీ ఒకటుంటే, నాది విడిగా తెలుస్తుంది కదా అని."

అద్దం అవతల హిమజ తన తండ్రికి ప్రయోగాల డిజైన్ ఇంత బాగా ఎప్పుడు వచ్చిందా అనుకుంది.

"మధ్య పడవలో ఉన్నాను. అడుగున నీళ్ళు, చీలమండల దాకా. చల్లగా లేవు, వెచ్చగా ఉన్నాయి. ఎండ మూలాన. ఎడంకాలు కింద బల్ల ఊగుతుంది. కుడికాలు వెంకన్న బూటు మీద పెట్టేను. పైనుంచి మెట్ట లాంచీలు వస్తున్నాయి. అవతల లంగర్లు లేచిపోయినాయి. జనం ఉన్న సగం పక్కకి తిరిగిపోయి, మా సగాన్ని లాగేస్తుంది. మా సగం మీద రెండొందల మంది. నేను లెక్కపెట్టలేదండి. తర్వాత చెప్పేరు. అప్పుడు నాకు కనబడింది వెంకన్న ఒక్కడే."

"ఎవరైనా కొయ్యమన్నారా?"

"లేదండి."

"కొయ్యకపోతే?"

"అందరం పోయేవాళ్ళం. లేకపోతే ఇంకో నిమిషానికి లంగరు పట్టేదేమో. తెలీదండి. అదొక్కటే తెలీదు."

గౌరీశ్వరి కలం మూత పెట్టింది. ఇంకేమైనా అడుగుతుందని హిమజ ఎదురుచూసింది. ఆవిడ లేచి బయటికి వెళ్ళింది. కారిడార్‌లో నీళ్ళ కూలర్ దగ్గర నిలబడి ఒక గ్లాసు తాగింది, ఇంకోటి పట్టింది, అది తాగకుండానే పారబోసింది. లోపలికి వచ్చి, కేంద్రానికి మాత్రమే అనుమతి ఉన్న పట్టీలు బీరువాలోంచి తీసి, తాతారావు మణికట్లకి తనే కట్టింది. ఎడమది బిగుతుగా ఉందేమో అని ఒకసారి వేలు పెట్టి చూసింది.

"అసలు గీత తీసుకున్నా మీది పోదండి," అంది. "అసలు మనిషికి అదే సొంత గీత, దాని కింద ఇంకేం లేదు. మిగతావాళ్ళది పోతుంది, మీది ఉండిపోతుంది. అర్థమైందా?"

"ఆయ్. అమ్మాయి చెప్పింది."

"పుస్తకంలో పేరు రాస్తాం."

"రాయండి."

*

వానాకాలం మొత్తం చెరుపుడు సాగింది. పూటకి నలుగురైదుగురు. సర్వర్ రెండుసార్లు కూలింది, జనరేటర్ ఒకసారి కాలింది. అయినా ఒక్క చెయ్యి కూడా పాడవలేదు. బయటికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి, కప్పు నిండా టీ పోయించుకుని, తొణక్కుండా మెట్లు దిగి చూపించేవారు. కేంద్రంలో మళ్ళీ పింగాణీ కప్పులు వచ్చాయి. ఎనిమిదో అధ్యాయం హిమజ ఒక్క మధ్యాహ్నంలో రాసేసింది. గౌరీశ్వరి మొదటిసారి తిప్పి పంపకుండా సంతకం పెట్టింది.

బులివెంకన్న అందరికన్నా ఆఖరున వచ్చాడు. రానంటే రానని వారాల తరబడి మొండికేశాడు. తాతారావే లాక్కొచ్చి కుర్చీలో కూలేశాడు.

ఆ తర్వాత పదిరోజులు ఆయన టెంట్ హౌస్‌కి రాలేదు. ఊళ్ళో లేడన్నారు. పదకొండో రోజు హిమజ అక్కడ ఉండగా వచ్చాడు, చంకలో మనవరాలు. పిల్ల ఆయన చెవి పట్టుకుని లాగుతోంది.

"చూశారా బాబాయ్, ఎలా ఎక్కిందో," అంది హిమజ.

"దిగదమ్మా. పొద్దున్నుంచీ ఇదే సవారీ." మొహం వెలిగిపోతోంది. చెయ్యి పిల్ల కింద స్థిరంగా ఉంది.

తాతారావు లేచి స్టూలు జరిపాడు. "రారా, కూర్చో. కాకినాడ కాజా ఉంది. పిల్ల తింటుందా?"

బులివెంకన్న కూర్చోలేదు. తాతారావు చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు. హిమజ ఆయన మొహంలోకి చూసింది. కోపమేమీ లేదక్కడ. పేపర్లో వార్త చదివి, ఈ ఊరేనా అని పక్కవాణ్ణి అడిగేవాడి మొహంలా ఉంది.

"ఒరే తాతారావూ," అన్నాడు. "ఆరోజు వంతెన మీద అంతమంది ఆడాళ్ళూ పిల్లలూ ఉన్నారు కదరా. ఎలా కోసేవురా నువ్వు?"

తాతారావు చేతిలో కాజాల పొట్లం ఉంది. దాన్ని స్టూలు మీద పెట్టాడు.

"కూర్చో చెప్తాను," అన్నాడు.

"ఊరికే అడిగేన్లే," అన్నాడు బులివెంకన్న.

పిల్ల కాజాల పొట్లం చూసి, అటు వంగి, తాతారావుకేసి రెండు చేతులూ చాపింది. బులివెంకన్న పిల్లని తాతారావు వైపున్న చంకలోంచి తీసి, అవతలి చంకలోకి మార్చుకున్నాడు.